ఫెయిలైన మాత్రకూ మార్కులు వేయండి: ఫార్మసీ ల్యాబ్ గురువులకు బహిరంగ లేఖ

బీఫార్మసీ ల్యాబుల్లో ప్రాక్టికల్స్ చేయించే మేడమ్‌లకు, సార్లకు, ఎక్స్‌టర్నల్‌గా వచ్చి మార్కులు వేసేవారికి, ఆ మార్కులు దేనికి ఎన్ని అని నిర్ణయించే సిలబస్ కమిటీల వారికి,

నమస్కారం.

నాలుగేళ్లు ఫార్మసీ చదివి, ఇప్పుడు మందుల తయారీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మీ దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది, పిపెట్ పట్టుకోవడం దగ్గర్నుంచి ఒక మందు ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందో ఊహించడం దాకా. కాబట్టి ఇది ఎవరినో నిలదీయాలని రాస్తున్న ఉత్తరం కాదు. కానీ మీరు నేర్పాలని అనుకోకుండానే మేం నేర్చేసుకున్నది ఒకటుంది. ఉద్యోగంలో చేరాక దాన్ని వదిలించుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను, ఇప్పుడు కొత్తగా చేరుతున్న పిల్లల్లో కూడా అదే చూస్తున్నాను. రావాల్సిన రిజల్ట్ ఎంతో ముందే చూసుకుని, దానికి సరిపోయే రీడింగులు వెనక నుంచి లెక్కేసి రాసుకోవడం. దాని గురించే ఈ లేఖ.

మీకు తెలియని సంగతేం కాదిది. మీరూ అదే ల్యాబుల్లో చదివి వచ్చినవాళ్లే. సీనియర్ల రికార్డులు ఎలా చేతులు మారతాయో, ఏ ప్రయోగానికి ఎంత వస్తే సంతకం పడుతుందో బ్యాచ్ మొత్తానికి ఎలా తెలిసిపోతుందో మీకూ తెలుసు. తెలిసి ఊరుకుంటున్నారని అనడం లేదు. దాని వల్ల పెద్దగా నష్టం ఏముందిలే, ఎలాగూ ఉద్యోగంలో నేర్చుకుంటారు కదా అని అనుకుంటూ ఉండొచ్చు. నష్టం ఉంది మేడమ్. అది ఎక్కడ ఉందో నాకు ఎదురైన సంగతులతోనే చెప్తాను.

మూడో ఏడాదిలో పారాసిటమాల్ మాత్రలు చేసిన రోజు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. స్టార్చ్ పేస్ట్ కాచి, పొడిలో కొంచెం కొంచెంగా పోస్తూ కలుపుతూ, గుప్పిట్లోకి తీసుకుని నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే ముక్కలవ్వాలి అని మేడమ్ చూపించారు. అది మాకు బాగానే కుదిరింది. జల్లెడ మీద వేసి రుద్ది, గ్రాన్యూల్స్ ట్రేలో పరిచి ఓవెన్‌లో పెట్టాం. ఈలోపు వేరే క్లాసుకి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చి చూస్తే గ్రాన్యూల్స్ ఇసుకలా గలగలలాడుతున్నాయి. బాగా ఆరాయి అనుకుని సంతోషపడ్డాం కూడా. టాల్క్, మెగ్నీషియం స్టియరేట్ కలిపి మెషీన్‌లో కొడితే మాత్రలు తెల్లగా, నున్నగా, చూడముచ్చటగా వచ్చాయి. 11 మాత్రలు తూచాం, 6.512 గ్రాములు. మాత్రలు దొర్లితే ఎంత రాలిపోతాయో చూసే తిరిగే డ్రమ్, ఫ్రయబిలేటర్‌లో వేసి ఆన్ చేశాం.

నిమిషానికి 25 చుట్లు, 4 నిమిషాలు, మొత్తం 100 చుట్లు. మొదట్లో టక్ టక్ మని ఒకే రకం చప్పుడు వచ్చింది. రెండో నిమిషం దాటాక ఆ చప్పుడు మారింది, చిన్న చిన్న పెంకులు దొర్లుతున్నట్టు. ఆపి మూత తీస్తే నాలుగు మాత్రల పై భాగాలు చిన్న టోపీల్లా ఊడిపోయి పక్కన పడి ఉన్నాయి. అంచులు పదునుగా, లోపల గరుగ్గా. అలా ఒక్క మాత్ర పగిలినా, చీలినా ఆ పరీక్ష ఫెయిల్, బరువు తూచాల్సిన అవసరమే లేదు. ఆ నియమం మాకు తెలుసు. అయినా మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ ముక్కలన్నీ చెత్తబుట్టలో వేసి, సీనియర్ అక్క రికార్డు తెరిచాం. రాలిపోయిన బరువు 1 శాతం లోపు ఉంటే పాస్. మరీ తక్కువ రాస్తే నమ్మరని, తర్వాతి బరువు 6.472 గ్రాములని రాశాను. 0.61 శాతం. ఆ సాయంత్రమే సంతకం పడింది, పక్కన ఎర్ర ఇంకుతో 'గుడ్' అని కూడా.

అలా ఊడిపోవడాన్ని క్యాపింగ్ అంటారని మాకు తెలియక కాదు. ఆ సెమిస్టర్ పరీక్షలో 'క్యాపింగ్‌కు కారణాలు రాయండి' అని ఐదు మార్కుల ప్రశ్న వచ్చింది. గ్రాన్యూల్స్ మరీ ఆరిపోవడం, మెత్తటి పొడి ఎక్కువ ఉండటం, మెషీన్ వేగంగా నడిపితే గాలి లోపలే చిక్కుకోవడం, మాత్రని నొక్కే పంచ్‌లు, డైలు అరిగిపోవడం, పారాసిటమాల్ స్ఫటికాలు ఒత్తిడి తీయగానే మళ్లీ సాగి వెనక్కి రావడం, అన్నీ రాశాను. ఐదుకి ఐదు వచ్చాయి. కానీ ఆ జవాబులో మొదటి కారణం నేను క్లాసుకెళ్లి ఓవెన్‌లో వదిలేసిన ట్రేనే అని రాస్తున్నప్పుడు నాకు తట్టలేదు. ల్యాబ్ వేరు, పేపర్ వేరు. ఆ మాత్రల ముక్కలు చేతిలో పెట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్లి ఉంటే పది నిమిషాల్లో నేర్చుకోగలిగిన విషయాన్ని చెత్తబుట్టలో పారేసి, అదే విషయాన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను.

వెళ్లకపోవడానికి కారణం మేడమ్ కోప్పడతారని కాదు. వెళ్తే మళ్లీ మొదటి నుంచి చేయాలి, టైమ్ లేదు, మెటీరియల్ లేదు, పక్క బ్యాచ్ వాళ్లు మెషీన్ కోసం నిలబడి ఉన్నారు. అన్నిటికీ మించి రిజల్ట్‌కి మార్కులున్నాయి. ఫెయిల్ అని రాస్తే ఆ మార్కులు పోతాయి. పాస్ అని రాస్తే వస్తాయి. అంతే లెక్క. పందొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్ల పిల్లలు ఆ లెక్క వేసుకోరని ఎలా అనుకుంటాం?

బ్యూరెట్ నుంచి ద్రావణం చుక్కలుగా వదులుతూ, రంగు మారేసరికి ఎంత పట్టిందో కొలిచే టైట్రేషన్ల సంగతి ఇంకా తేలిక. మూడు రీడింగులు, మూడూ 9.8 మిల్లీలీటర్లు. నిజంగా చేసినవాళ్లకి 9.7 వస్తుంది, 9.9 వస్తుంది, ఒక్కోసారి బ్యూరెట్ కొనలో గాలిబుడగ ఉండిపోయి 10.4 వస్తుంది. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని రోజురోజుకీ బలం తగ్గిపోతుంది కాబట్టి, పోయిన వారం చేసినవాళ్ల రీడింగ్ ఈ వారం చేసినవాళ్లకి అచ్చంగా రావడం కష్టం. కానీ రికార్డులన్నీ తిరగేస్తే ఏడాదికి ఏడాది అదే అంకె. ఫినాఫ్తలీన్ లేత గులాబీ దాటి ముదురు గులాబీ అయిపోయినవాళ్ల రికార్డులో కూడా అదే.

ఆస్పిరిన్ ఎంత శాతం ఉందో తేల్చే అస్సే గురించి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అది నా మనసులో ఇప్పటికీ మెదులుతూ ఉంటుంది. ఆస్పిరిన్‌కి ఎక్కువ సోడియం హైడ్రాక్సైడ్ కలిపి, మిగిలినదాన్ని యాసిడ్‌తో టైట్రేట్ చేస్తాం. 0.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఒక మిల్లీలీటరుకి 45.04 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, ఈ ఫ్యాక్టర్ నిద్రలో లేపి అడిగినా చెప్తాం. రెండో ఏడాదిలో మాకిచ్చిన సీసా పాతది. మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంది. ఆ వాసన అందరం చూశాం, ముక్కు మూసుకున్నాం, రికార్డులో 99.6 శాతం అని రాసుకుని వెళ్లిపోయాం. ఆ వాసన అసిటిక్ యాసిడ్‌ది. అంటే ఆస్పిరిన్ తేమ తగిలి విడిపోయి సాలిసిలిక్ యాసిడ్‌గా, అసిటిక్ యాసిడ్‌గా మారుతోందని అర్థం.

మరి చెడిపోతున్న మందుకి 99.6 ఎలా వస్తుంది? అందరం కాపీ కొట్టాం కాబట్టి అని మీరు అనొచ్చు. నిజాయితీగా చేసి ఉన్నా దాదాపు అంతే వచ్చేది! ఎందుకంటే చెడిపోని ఆస్పిరిన్ అణువు ఒకటి రెండు సోడియం హైడ్రాక్సైడ్‌లను ఖర్చు చేస్తే, విడిపోయాక ఆ రెండు ముక్కలూ చెరొకటి ఖర్చు చేస్తాయి. మొత్తం మళ్లీ రెండే. అసిటిక్ యాసిడ్ ఆవిరై పోయినంత మేరకు తప్ప, ఆ టైట్రేషన్‌కి మంచి మందుకీ చెడిన మందుకీ తేడా తెలియదు. అందుకే సాలిసిలిక్ యాసిడ్ ఎంత ఉందో విడిగా చూస్తారు, ఫెర్రిక్ లవణం వేస్తే ఊదా రంగు వచ్చే ఆ లిమిట్ టెస్ట్ ఉన్నది అందుకే. ఈ విషయం నాకు ఉద్యోగంలో, మందు నిల్వ ఉంటే ఎంత చెడుతుందో చూసే స్టెబిలిటీ శాంపిల్స్ చేస్తున్నప్పుడు అర్థమైంది. అర్థమైన రోజు ఎంత సంతోషం వేసిందో, ఆ రెండో ఏడాది సీసా గుర్తొచ్చి అంత బాధ వేసింది. మా ముప్పై మందిలో ఒక్కరైనా 'మేడమ్, వాసన వస్తోంది, కానీ అస్సే బాగానే వచ్చింది, ఎందుకు?' అని అడిగి ఉంటే ఒక సెమిస్టర్ అనలిటికల్ కెమిస్ట్రీ ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. అడగలేదు, ఎందుకంటే మేం మా రీడింగుని మేమే నమ్మలేదు. నమ్మని అంకె మీద ఎవరికీ అనుమానం రాదు.

అనుమానం వచ్చి, దాన్ని వదలకుండా పట్టుకున్న మనిషి గురించి చెప్పాలంటే మన తెలుగువాడే ఉన్నాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరంతా క్లాసులో చెప్తారు, ఫాస్ఫరస్‌ని కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి చాలా బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో చేయిస్తారు. 1925లో వచ్చిన ఆ పద్ధతిలో ఫాస్ఫేట్ ఎంత ఉంటే అంత నీలం రంగు వస్తుంది. అయితే హార్వర్డ్‌లో ఆయన, ఫిస్కే కలిసి కండరం నుంచి తీసిన ద్రావణాన్ని అదే పద్ధతిలో కొలిస్తే రంగు రావాల్సినంత వేగంగా రాలేదు. నెమ్మదిగా, నిమిషాలు గడిచే కొద్దీ పెరుగుతూ పోయింది. మా ల్యాబ్‌లో అయితే ఏం చేసేవాళ్లం? రావాల్సిన రంగు వచ్చేదాకా ఆగి, ఆ రీడింగ్ రాసుకునేవాళ్లం. వాళ్లు ఆలస్యం ఎందుకని అడిగారు. కండరంలో ఫాస్ఫేట్‌ని పట్టుకుని ఉన్న, యాసిడ్ తగిలితే మెల్లగా వదిలేసే పదార్థం ఏదో ఉందని తేల్చారు. 1927లో అది ఫాస్ఫోక్రియేటిన్ అని ప్రకటించారు. కండరం శక్తిని ఎలా దాచుకుంటుందో అర్థం కావడంలో అది పెద్ద అడుగు. అలాంటి రీడింగ్ మా బ్యాచ్‌లో ఎవరికైనా వచ్చి ఉంటే దాన్ని సరిచేసుకుని, సంతకం పెట్టించుకునేవాళ్లం. ఆ పద్ధతిని సిలబస్‌లో పెట్టుకున్నాం కానీ, దాని వెనకున్న ఈ కథని వైవాలో ఎవరూ నన్ను అడగలేదు.

పరిశ్రమలోనూ ఇలాంటిది జరిగింది. రిటోనావిర్ అనే హెచ్‌ఐవీ మందు 1996లో మార్కెట్లోకి వచ్చింది. రెండేళ్లకి, 1998లో, కొన్ని బ్యాచ్‌ల క్యాప్సూళ్లు, మందు ఎంత కరుగుతుందో చూసే డిసొల్యూషన్ పరీక్షలో ఫెయిల్ కావడం మొదలైంది. మందు అదే అణువు. కానీ అంతవరకు ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం ఒకటి లోపల ఏర్పడింది, అది చాలా తక్కువగా కరుగుతుంది. ఆ క్యాప్సూళ్లని ఆపేయాల్సి వచ్చింది, రోగులు కొంతకాలం చేదు ద్రావణంతో నెట్టుకొచ్చారు, ఆ తర్వాత ఫార్ములా మార్చి కొత్త క్యాప్సూల్ తెచ్చారు. ఒకే మందు వేర్వేరు స్ఫటిక రూపాల్లో ఉండటం, అంటే పాలిమార్ఫిజం గురించి చెప్పేటప్పుడు మీరంతా దీన్ని ఉదాహరణగా చెప్తారు. నేను దాన్ని ఇంకో వైపు నుంచి చూస్తాను. డిసొల్యూషన్ బాత్ ముందు నిలబడి, రావాల్సినంత కరగలేదు అని చూసిన మొదటి ఎనలిస్ట్ ఎవరో, ఆ అంకెని ఉన్నదున్నట్టు రాశారు. వాళ్లు 0.61 రాసుకునే అలవాటుతో వచ్చి ఉంటే, కరగని మందు మింగుతూ వ్యాధి ముదిరిన మనుషులు ఎంతమందో.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, ఒక శాంపిల్ తూస్తూ బరువుని చేతిలో ఉన్న టిష్యూ కాగితం మీద రాసుకున్నాను, తర్వాత తీరిగ్గా లాగ్‌బుక్‌లో ఎక్కించొచ్చని. ఎక్కించాక ఆ టిష్యూని చెత్తలో వేశాను. మా సెక్షన్ మేడమ్ అటుగా వెళ్తూ ఆగారు. 'అదేంటమ్మా?' అన్నారు. ఏం లేదు మేడమ్, రఫ్ అన్నాను. ఆవిడ గ్లవ్స్ వేసుకుని చెత్తబుట్టలోంచి ఆ టిష్యూ తీసి, లాగ్‌బుక్ పక్కన పెట్టారు. 'ఇక్కడ రఫ్ అనేది లేదమ్మా. నువ్వు మొదట ఎక్కడ రాశావో అదే అసలు రికార్డు. ఇది టిష్యూ మీదుంది, చెత్తలోకి పోయింది, అంటే ఈ బ్యాచ్ అసలు రికార్డు చెత్తలో ఉంది.' అని నెమ్మదిగానే అన్నారు. ఆ టిష్యూని పేజీకి అంటించి, ఎందుకిలా జరిగిందో నాతోనే రాయించి, తేదీ వేయించి సంతకం పెట్టించారు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

ఆ రాత్రి ఇంటికెళ్లి ఆలోచిస్తే, నాలుగేళ్లలో నేను ఏదైనా ఒక్కసారైనా అసలు రికార్డు ఇచ్చానా అని. అబ్జర్వేషన్ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసి, చెరిపి, దిద్ది, వారం తర్వాత అందంగా ఫెయిర్ రికార్డులో ఎక్కించి, అది చూపించి మార్కులు తెచ్చుకున్నాను. ఫెయిర్ రికార్డు మీద కొట్టివేత ఉంటే మళ్లీ రాయమనేవారు. ఇక్కడేమో కొట్టివేత కనబడాలి: ఒక్క గీత, కింద అంకె చదవగలిగేలా, పక్కన సంతకం, తేదీ, కారణం. వైట్‌నర్ పూస్తే ఉద్యోగమే పోవచ్చు. ఎవరు రాశారో తెలియాలి, చదవడానికి వీలుండాలి, అప్పటికప్పుడే రాసి ఉండాలి, మొదటి కాగితమే అయి ఉండాలి, నిజమై ఉండాలి. ఈ ఐదింటి ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి ఆల్కోవా అంటారు, మొదటి వారం ట్రైనింగ్‌లో బోర్డు మీద రాసిచ్చారు. బోర్డు మీద ఉన్న ఐదింటిలో నాలుగు నేను నాలుగేళ్ల పాటు తప్పుతూ వచ్చినవి.

ఉండాల్సిన హద్దు, అంటే స్పెసిఫికేషన్ దాటిన రీడింగ్ వస్తే ఏం చేయాలన్నది కూడా మేం చదువుకునేటప్పుడు ఎవరూ చేయించలేదు. మళ్లీ మళ్లీ చేసి, పాస్ వచ్చిన దాన్ని ఉంచుకుని, ఫెయిల్ వచ్చిన దాన్ని పక్కన పెట్టడం తప్పని 1993లో అమెరికాలో ఒక కోర్టు స్పష్టంగా చెప్పింది, అప్పట్నుంచి ఫెయిలైన రీడింగ్ మీద విచారణ చేయడం క్వాలిటీ కంట్రోల్‌లో రోజువారీ పని అయింది. బ్యూరెట్ తప్పా, ద్రావణం తప్పా, మనిషి తప్పా, మందే తప్పా అని వరసగా చూస్తాం. నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన పని అదే. అది నేర్చుకోవడానికి కాలేజీ ల్యాబ్ కంటే మంచి చోటు ఉండదు, ఎందుకంటే అక్కడ తప్పయినా ఎవరికీ ఏమీ కాదు, ఆ మాత్ర ఎవరూ మింగరు.

క్వాలిటీ కంట్రోల్‌కి వచ్చేవాళ్లకే ఇదంతా అనుకోకండి. హాస్పిటల్ ఫార్మసీలో కౌంటర్ వెనక నిలబడేవాళ్ల సంగతీ ఇంతే. మెథోట్రెక్సేట్ అనే మందు చూడండి, అది కూడా సుబ్బారావు గారి బృందం పనిలోంచి వచ్చిందే. కీళ్లవాతానికి అయితే వారానికి ఒక్కసారి వేసుకోవాలి. చీటీలో పొరపాటున రోజూ అని పడితే, రోగి అలాగే వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది, వచ్చింది కూడా. ఆ చీటీ చూసి 'ఇది తేడాగా ఉంది' అని ఆగే మనిషి కావాలి. కళ్ల ముందు ఉన్నది రావాల్సినట్టు లేకపోతే దాన్ని రావాల్సినట్టు మనసులోనే సర్దేసుకోవడం నాలుగేళ్లు అలవాటు చేసి, ఆ తర్వాత ఒక్కసారిగా ఆగమంటే ఆగుతారా?

ఇంకొకటి చెప్పి అడగాల్సినవి అడుగుతాను. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అనే మందు ద్రావణం తాగి 100 మందికి పైగా చనిపోయారు, అందులో కలిపిన డైఇథిలీన్ గ్లైకాల్ విషమని అమ్మేముందు ఎవరూ పరీక్షించి చూడలేదు. ఆ కారణాన్ని ఎలుకల మీద తేల్చిన షికాగో యూనివర్సిటీ ల్యాబ్‌లో ఫ్రాన్సెస్ కెల్సీ అనే విద్యార్థిని కూడా పనిచేసింది. 1960లో ఆవిడ అమెరికా మందుల నియంత్రణ సంస్థలో చేరగానే చేతికొచ్చిన మొదటి ఫైళ్లలో థాలిడమైడ్ ఒకటి. చూపించిన ఆధారాలు చాలవని, కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా, పదే పదే వెనక్కి పంపింది. ఆ మందు అమ్మిన దేశాల్లో, గర్భిణులు దాన్ని వాడటం వల్ల, వేల మంది పిల్లలు చేతులు కాళ్లు సరిగా లేకుండా పుట్టారు. ఆవిడకి ఆ గట్టిదనం చదువుకునే రోజుల ల్యాబ్ నుంచే వచ్చిందని నేను నమ్ముతాను. మా ల్యాబుల నుంచి కూడా అది రావాలని నా కోరిక.

మీ ఇబ్బందులు నాకు తెలుసు. ముప్పై మందికి ఒక ఫ్రయబిలేటర్, మూడు గంటల ల్యాబ్, సెమిస్టర్‌కి ఇన్ని ప్రయోగాలు పూర్తి కావాలని పైనుంచి ఒత్తిడి, రికార్డులు దిద్దడమే ఒక పెద్ద పని. తప్పు మాదీ ఉంది, ఆ 6.472 మీరు చెప్తే రాసింది కాదు, నా చేత్తో నేను రాసింది. అయినా మార్కులు ఎటుంటే పిల్లలు అటు వెళ్తారు, మార్కులు ఎటు ఉండాలో మీ చేతుల్లో ఉంది.

అందుకని, రిజల్ట్ పుస్తకానికి దగ్గరగా వచ్చిందా అన్నదానికి మార్కులు తీసేయండి. ఆ రోజు బెంచ్ మీద పెన్నుతో రాసిన కాగితానికి, మరకలున్నా కొట్టివేతలున్నా, అక్కడికక్కడే సంతకం పెట్టి దానికే మార్కులు వేయండి, ఫెయిర్ రికార్డు అవసరమే లేదని నా ఉద్దేశం. అందరికీ ఒకే శాంపిల్ ఇస్తే కాపీ ఆగదు, నాలుగైదు రకాల బలంతో చేసి ఎవరికి ఏది వచ్చిందో మీ దగ్గర మాత్రమే ఉంచుకోండి. ప్రయోగాల సంఖ్య తగ్గించాల్సి వస్తే తగ్గించండి. ఇరవై ప్రయోగాలు ఒక్కోసారి చేసినట్టు రాయడం కన్నా పది ప్రయోగాలు రెండేసి సార్లు నిజంగా చేయడం నాకు ఉద్యోగంలో ఎక్కువ పనికొచ్చేది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చేవారికి ఒక ప్రత్యేక మనవి: వైవాలో నిర్వచనాలు కాకుండా 'నీ రీడింగుల్లో నీకు నమ్మకం లేనిది ఏది, ఎందుకు?' అని ఒక్క ప్రశ్న అడగండి. ఆ ప్రశ్నకి జవాబు సీనియర్ రికార్డులో దొరకదు.

ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో ఒక పేజీ రాయించండి. ఆ పేజీకి, పాస్ అయిన రిజల్ట్‌కి వేసే అన్ని మార్కులూ వేయండి. ఇది వింటే పిల్లలు కావాలనే ఫెయిల్ చేసుకుంటారేమో అని మా లెక్చరర్ ఒకరు నాతో అన్నారు. చేసుకోనివ్వండి సార్. కావాలని ఫెయిల్ చేయాలంటే ఏది ఎక్కువైతే ఏమవుతుందో తెలియాలి, మెగ్నీషియం స్టియరేట్ ఎక్కువసేపు కలిపితే మాత్ర మెత్తబడుతుందని, నీళ్లలో ఆలస్యంగా విడుతుందని తెలియాలి. అది తెలిసినవాళ్లు మాత్ర చేయడం వచ్చినవాళ్లే.

మొన్న పాత పెట్టెలో నా మూడో ఏడాది రికార్డు దొరికింది. 0.61 మీద ఒక్క గీత కొట్టి, 'నాలుగు మాత్రలు క్యాపింగ్, ఫెయిల్, ట్రే ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంచాం' అని రాసి, సంతకం పెట్టి, దిద్దిన రోజు తేదీ వేశాను. ఎర్ర ఇంకు 'గుడ్' అలాగే ఉంది.

ఒకేసారి అన్నీ మార్చడం కుదరదని తెలుసు. వచ్చే సెమిస్టర్‌లో ఒక్క ప్రయోగంతో మొదలుపెట్టండి. పారాసిటమాల్ గ్రాన్యులేషన్ అయితే మంచిది, ఆ మందు సులువుగా మాత్ర కట్టదు, ఎవరో ఒకరి డ్రమ్‌లో తప్పకుండా టోపీలు ఊడతాయి. ఆ ముక్కల్ని చెత్తబుట్టలో వేయనివ్వకుండా, ఒక కాగితం మీద పోయించి, ఆ బెంచ్ చుట్టూ అందరినీ పిలవండి.

ఇట్లు,
మీ ల్యాబుల్లో చదువుకున్న ఒక ఎనలిస్ట్